ఊపిరి గీత

3వ తేదీ, మంగళవారం

ఇవాళ నేను రాయనన్నాను. కాగితం మీద ఇది ఒక్క మాట. అనడానికి మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టింది.

కొత్త నోటుబుక్కు కాబట్టి ఈ ఒక్కసారికి అన్నీ వివరంగా రాస్తాను. పదేళ్ల తర్వాత తీసి చదివితే నాకే అర్థం కాకపోతే సిగ్గుచేటు. రెండేళ్లుగా మా జట్టు గ్యాలరీకి నినాదాలు రాసేది నేనే. బాస్కెట్‌బాల్ ఆడటం నాకు రాదు. బంతి విసిరితే వచ్చి నా కళ్లజోడుకే తగులుతుంది. కానీ నూట యాభై మంది ఒకేసారి అరవడానికి ఏ మాట సరిపోతుందో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నాకు తెలుసు. ఆ చోట ఎర్ర పెన్నుతో ఒక నిలువు గీత పెడతాను. దాని పేరు ఊపిరి గీత, పేరు నేనే పెట్టాను. చిత్తుప్రతిలో పెట్టను. మాట ఖాయమయ్యాక, సాపు ప్రతిలోనే పెడతాను. మ్యాచ్ రోజు నేను మెగాఫోన్‌లో ఒకసారి చెప్పాలి, బాబాయి డ్రమ్ము మీద రెండు దెబ్బలు వెయ్యాలి, అప్పుడే గ్యాలరీ అందుకోవాలి. అంతకు ముందే నోరు తెరిచినవాళ్లు అందరికీ టీలు తాగించాలి. ఈ రూలు నేను పుట్టక ముందు నుంచీ ఉంది.

గ్యాలరీకి పెద్ద ఈల మాస్టారు. బడిలో ఆటల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఈల మాత్రం రిటైర్ కాలేదు, మెళ్లోనే ఉంటుంది. సాయంత్రం బాబాయి టైర్ల కొట్టుకి వచ్చి, ట్యూబులు ముంచే నీళ్ల తొట్టి పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"అమ్మాయ్, ఎల్లుండే ఫైనల్స్. పొడుగక్క మీద ఒకటి రాయి. గుచ్చుకోవాలి."

పొడుగక్క ఆరేళ్లు మా జట్టుకి ఆడింది. నేను రాసిన మొట్టమొదటి నినాదం ఆమె మీదే. 'పైకి, అక్కా, పైకి.' ఈ ఏడాది ఆమె వంతెన అవతలి జట్టులో చేరింది. ఫైనల్స్‌లో మా ఎదుట నిలబడ్డది ఆ జట్టే. మొత్తం ఐదు మ్యాచ్‌లు, మూడు గెలిచినవాళ్లదే కప్పు.

"నేను రాయను మాస్టారూ," అన్నాను.

"ఏం?"

"ఆమె మీద ఒకటి రాశాను కదా. అది ఇంకా చెల్లుతుంది."

బాబాయి ట్యూబు నీళ్లలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. తలెత్తకుండానే, "ఇంకా నయం. ఆవిడ అటువైపు బనీను తొడుక్కుని దూకుతుంటే, మనం ఇటు కూర్చుని పైకి పైకి అనాలా? మతి ఉందిటే నీకు?" అన్నాడు.

"ఆవిడ తనంతట తను వెళ్లలేదు బాబాయ్. మోకాలి ఆపరేషన్ అయ్యాక మన కమిటీవాళ్లే వచ్చే ఏడు చూద్దాం అన్నారు. చూద్దామన్నవాళ్ల గుమ్మంలో ఎన్నాళ్లని నిలబడుతుంది?"

"నిలబడాలి. ఆడేవాళ్లు వస్తారు, పోతారు. జట్టు ఉంటుంది."

"జట్టంటే ఎవరు?" అన్నాను. ఆ ప్రశ్న పొద్దున్నుంచీ నా దగ్గర సిద్ధంగా ఉంది. "ఆడేవాళ్లు మారారు. కోచ్ మూడుసార్లు మారాడు. బనీను రంగు మొదట్లో ఆకుపచ్చంట. హాలుకి కప్పు కూడా కొత్తది వేశారు, అయినా కారుతోంది. మీరు గ్యాలరీకి వచ్చినప్పటి నుంచీ మారనిది, ఆరో వరుసలో కారేచోట పెట్టే ఆ బకెట్ ఒక్కటే. దానికి అరుద్దామా మాస్టారూ?"

పంక్చర్ కోసం ఆగిన వ్యాన్ డ్రైవరు కిసుక్కున నవ్వాడు. ఈల మాస్టారు నవ్వలేదు.

"ఆ బకెట్ మనం పెట్టాం అమ్మాయ్. నిండినప్పుడల్లా మనమే ఎత్తిపోశాం. జట్టంటే అదే," అన్నారు.

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. రేపటికి దొరుకుతుంది.

ఇవాళ్టి మాట: ధిక్కారం. పైకి చదివితే గొంతులో ఎవరో తలుపు వేసి తీసినట్టుంటుంది.

4వ తేదీ

జవాబు దొరకలేదు. అలాగని రాయనన్న మాట మారదు.

5వ తేదీ, గురువారం

మొదటి మ్యాచ్, మా హాల్లోనే.

ఆట మొదలైన రెండో నిమిషంలో పొడుగక్క బుట్ట కిందికి దూసుకొచ్చి, ఇద్దరి మధ్య నుంచి లేచి, బంతిని పళ్లెంలో పెట్టినట్టు పెట్టింది. ఆపరేషన్ అయిన కాలు మీదే దిగింది. నేను చప్పట్లు కొట్టాను. అనుకుని కొట్టలేదు, చేతులు కొట్టేశాయి. కొట్టేశాక మాత్రం ఆపలేదు, అది అనుకునే చేశాను.

పక్కనున్న బేకరీ అక్క నా మోచెయ్యి గిల్లింది. "ఒసేయ్, చేతులు దించు. అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

"కొట్టుకోవాలనిపిస్తే ఇంటికెళ్లి కొట్టుకో తల్లీ. ఇక్కడ కాదు."

ఆట సగమయ్యాక ఈల మాస్టారు మెట్లు దిగి వచ్చి చెయ్యి చాచారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"మెగాఫోన్ ఇటివ్వు. ఇది జట్టుది."

"మాటలు నావి," అన్నాను.

"అవి నీ దగ్గరే ఉంచుకో."

ఇచ్చేసి వెళ్లి ఆరో వరుసలో బకెట్ పక్కన కూర్చున్నాను. అక్కడ ఎవరూ కూర్చోరు కాబట్టి కాళ్లు చాపుకోవచ్చు. మెగాఫోన్ బేకరీ అక్కకి ఇచ్చారు. ఆమెది పెద్ద గొంతే, కానీ ఎక్కడా ఆగదు. మాటలన్నీ ఒకదానిమీద ఒకటి పడిపోయి, గ్యాలరీలో సగంమంది ముందు, సగంమంది వెనక అయ్యారు. నాకు సంతోషం వెయ్యలేదు.

వేసింది.

పదకొండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. పొడుగక్క ఒక్కతే ఇరవై ఆరు వేసింది.

6వ తేదీ

కాలేజీలో గాని, కొట్టులో గాని, ఇంట్లో గాని ఎవరూ నాతో ఆట ఊసెత్తలేదు. నాన్న సంగతి వేరు, ఆయనకి ఆటంటే నిద్ర. మిగతావాళ్లు కావాలనే మాట్లాడలేదు. హాయిగా ఉంది.

7వ తేదీ, శనివారం

హాయిగానే ఉంది.

ఎందుకు చప్పట్లు కొట్టావని అడగరేం ఒక్కరూ? అడిగితే చెప్పలేను, కానీ అడగాలి కదా.

అమ్మ ఆస్పత్రిలో వ్యాయామం చేయించే గదిలో పని చేస్తుంది. ఎముకలు అతుక్కున్నవాళ్లకి, కీళ్లు మార్చినవాళ్లకి మళ్లీ నడక నేర్పుతుంది. ఆ గది మధ్యలో చెక్క మెట్లుంటాయి. ఇటు నాలుగు ఎక్కాలి, అటు నాలుగు దిగాలి. అవి ఎక్కడికీ వెళ్లవు. కిందటేడు ఒకరోజు అమ్మ కళ్లజోడు ఇంట్లో మర్చిపోతే ఇవ్వడానికి వెళ్లాను. అమ్మ ఐసు తేవడానికి పక్క గదిలోకి వెళ్లింది. మెట్ల మీద పొడుగక్క ఉంది. రెండు చేతులా కమ్మీ పట్టుకుని, చెమటతో, ఒక్కో మెట్టూ దిగుతోంది.

"నువ్వు మెగాఫోన్ పిల్లవి కదూ?" అంది. తలూపాను. ఇంకో మెట్టు దిగి, "విన్నావా?" అంది.

"ఏంటక్కా?"

"కిర్రుమంది. దిగేటప్పుడే. ఎక్కేటప్పుడు మంచిపిల్లలా నోరు మూసుకుంటుంది." నవ్వింది. తర్వాత నవ్వు మానేసి, "ఎవరికీ చెప్పకేం. నొప్పి ఎంతైనా పడతాను. ఆ చప్పుడంటేనే నాకు భయం," అంది.

చెప్పనన్నాను. చెప్పలేదు. ఇక్కడ రాసుకోవడం చెప్పడం కిందికి రాదు.

నాలుగు మెట్లు దిగడానికి భయపడిన మనిషి గాల్లోంచి ఆ కాలి మీదే దిగితే చప్పట్లు కొట్టనా? ఎవరి బనీను అయితే ఏం?

8వ తేదీ, ఆదివారం

రెండో మ్యాచ్ వంతెన అవతల. కొట్టులో టీవీ ముందు టైర్లు పరిచి అందరూ కూర్చున్నారు. నేను బయట నిలబడి తలుపులోంచి చూశాను.

మ్యాచ్‌కి ముందు టీవీవాళ్లెవరో పొడుగక్కని అడిగారు, పాత ఊరి గ్యాలరీ అరుపులు గుర్తొస్తుంటాయా అని. ఆమె బూటు తాడు కట్టుకుంటూ చెప్పింది. "ఆటలో ఉంటే ఏమీ వినపడదండీ. ఒకటే హోరు. మాటలు తెలీవు."

ఈల మాస్టారు టీవీ సౌండు తగ్గించారు. బాబాయి లేచి వచ్చి నా చేతిలో టీ గ్లాసు పెట్టి, "పోన్లేవే," అన్నాడు. ఎగతాళి చేసి ఉంటే తట్టుకునేదాన్ని.

హోరు. మంచి మాటే. సముద్రానికి వాడతారు, గాలివానకి వాడతారు. రెండేళ్లు ఒక్కో అక్షరం పక్కన కూర్చుని, ఏది ముందు ఏది వెనక అని తూచి, ఎర్ర గీతలు పెట్టాను. హోరు.

గెలిచాం. రాయడం మర్చిపోయాను.

9వ తేదీ

ఊరికే అభ్యాసం కోసం ఒకటి రాశాను. కోపం ఉన్నప్పుడు మాటలు ఎలా వస్తాయో చూద్దామని.

కిర్రు కిర్రు మోకాలు
మెట్టు దిగితే మూలుగు
మెల్లగా, అక్కా, మెల్లగా

'మ'లు వెతికి తెచ్చినవి కావు, వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. చివరి పాదం మరీ బాగుంది. పైకి జాలిలా ఉంటుంది, లోపల ఉండదు. 'పైకి, అక్కా, పైకి' అన్న వరసలోనే నడుస్తుంది, దిక్కు మాత్రం కిందికి. నేను ఇంతవరకు రాసినవాటిలో ఇదే గొప్పది. నిజాలు రాయడానికే కదా ఈ పుస్తకం.

ఎవరికీ చూపించను. చూపించినా ఏముంది? ఆమెకి మాటలు వినపడవు కదా. వినపడనిదానికి నొప్పి ఎక్కడుంటుంది?

10వ తేదీ

లయ సరిగ్గా ఉందో లేదో చూడటానికి బాబాయికి వినిపించాను. లయ కోసం మాత్రమే. కాలేజీ నుంచి వస్తూ కొట్టు దగ్గర ఆగాను. అతను లారీ టైరు రిమ్ము నుంచి ఊడదీస్తున్నాడు. చేతిలో ఇనప కడ్డీ ఉంది. దాంతోనే టైరు మీద తాళం వేశాడు. ఒకసారి వేశాక ఆగి, మళ్లీ వేశాడు.

"ఎక్కడ వాడతావే దీన్ని?"

"ఎక్కడా వాడను."

"మరెందుకు రాసినట్టు?"

"ఊరికే."

మూడోసారి కూడా వేశాడు. "ఇది ఊరికేలా లేదే," అన్నాడు.

11వ తేదీ, బుధవారం

నేను ఇవ్వలేదు. మొదట ఈ మాట రాసుకోవాలి.

మూడో మ్యాచ్, మా హాల్లో. చివరి పావు ఆట వరకు సరిసమానంగా నడిచింది. పొడుగక్కని మావాళ్లు పట్టి లాగితే రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. ఫ్రీ త్రో అంటే గీత దగ్గర ఒంటరిగా నిలబడాలి, ఎవరూ అడ్డురారు, హాలంతా ఆమె ఒక్కదాన్నే చూస్తుంది. ఆమె బంతిని నేలకేసి కొడుతుండగా బేకరీ అక్క జేబులోంచి కాగితం తీసి, మెగాఫోన్ ఎత్తి చదివింది. బాబాయి రెండు దెబ్బలు వేశాడు. గ్యాలరీ అందుకుంది.

బేకరీ అక్క మొట్టమొదటిసారి సరిగ్గా ఆగవలసినచోట ఆగింది.

పొడుగక్క చేతిలో బంతి ఆగిపోయింది. ఆమె ఇటు తిరిగింది. ఆమె చూపు మొదటి వరుస నుంచి ఒక్కో వరుసే దాటుకుంటూ పైకి వచ్చింది. ఆరో వరుసలో, బకెట్ పక్కన, నా మీద ఆగింది.

రెండూ పోగొట్టింది. తర్వాత వచ్చిన రెండిట్లో ఒకటి పోగొట్టింది. ఆరు పాయింట్లతో గెలిచాం. ఇప్పుడు మాకు రెండు, వాళ్లకి ఒకటి.

గ్యాలరీవాళ్లు వచ్చి నన్ను భుజాల మీదికెత్తుకున్నారు. దించమన్నాను. రెండుసార్లు అన్నాను. గట్టిగా అనలేదు.

బాబాయి ఇచ్చి ఉంటాడు. నేను ఇవ్వలేదు.

12వ తేదీ

వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతూ దాన్నే పాడుతున్నారు. మెల్లగా అక్కా మెల్లగా అంటూ ఒంటికాలి మీద గెంతుతున్నారు. అమ్మ తీగ మీద బట్టలు తీస్తోంది. తీస్తున్నది ఆపేసింది.

"మెట్టు దిగితే, అంటున్నారేంటి వాళ్లు?"

"మ్యాచ్‌లో నినాదం," అన్నాను.

"ఎవరు రాశారు?"

"గ్యాలరీ."

"గ్యాలరీకి చెయ్యుంటుందా రాయడానికి?"

నేను క్లిప్పులు ఏరుతున్నాను. అమ్మ దుప్పటి మడిచి, ఆ మడత మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది. "ఆ చప్పుడు సంగతి ఆ పిల్లకి తెలుసు, డాక్టరుగారికి తెలుసు, నాకు తెలుసు. నాలుగో మనిషి ఉన్నట్టు నాకు తెలీదు," అంది.

ఏదో ఒకటి అనాల్సింది నేను. మాటలంటే ప్రాణమని చెప్పుకుని తిరుగుతాను.

13వ తేదీ, శుక్రవారం

నాలుగో మ్యాచ్ అవతల. ఓడిపోయాం. రెండూ రెండూ.

వాళ్ల జట్టు నుంచి ఆస్పత్రికి ఫోను వచ్చిందట. అమ్మని రాసి ఇమ్మన్నారు, వైద్యానికి వచ్చిన మనిషి సంగతి బయటికి ఎలా పోయిందో. అమ్మ వంటగదిలో గట్టు మీద తెల్లకాగితం పెట్టుకుని నిలబడే ఉంది. ఒక్క అక్షరం రాయలేదు. నన్ను రాసిపెట్టమని అడగలేదు. బడికి సెలవు చీటీ దగ్గర్నుంచి ఏది కావాలన్నా నన్నే అడిగే మనిషి.

ఇవాళ్టి మాట: సంజాయిషీ.

14వ తేదీ, శనివారం

ఆ కాగితం బాబాయి నా దగ్గర తియ్యలేదు. నేనే కొట్టులో పెట్టి వచ్చాను.

మంగళవారం, లయ సరిచూశాక. పనిముట్ల పెట్టె మీద, మడత పెట్టకుండా, రాత పైకి కనిపించేలా. చిత్తుప్రతి కాదు, సాపు ప్రతి. మూడు ఊపిరి గీతలు పెట్టి, ఎర్ర పెన్నుతో. ఎవరూ అరవబోని మాటకి ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఎవరైనా గుర్తు పెడతారా? బుధవారం బేకరీ అక్క సరిగ్గా ఆగినప్పుడే నాకు తెలుసు. అంతకు ముందే తెలుసు.

అది బాగుందని ఎవరైనా అనాలని నాకు ఉండింది. అన్నారు. భుజాలకెత్తుకుని మరీ అన్నారు.

పొద్దున్నే డాక్టరుగారి దగ్గరికి వెళ్లి ఉత్తరం ఇచ్చాను. అందంగా రాయాలని పదకొండుసార్లు మొదలుపెట్టి చించేశాను. చివరికి మిగిలింది మూడే వాక్యాలు. ఆ మాట పేషెంటు నాకే చెప్పింది. అప్పుడు మా అమ్మ గదిలో లేదు. బయటపెట్టింది నేను.

ఆయన చదివి, "మీ అమ్మకి తెలుసా నువ్వు వచ్చినట్టు?" అన్నారు.

"తెలీదండీ."

"తెలియజెయ్యి. ఆవిడ రాసి ఇవ్వక్కర్లేదని కూడా చెప్పు."

అమ్మకి చెప్పాను. విని, "ఇకముందు నా కళ్లజోడు ఇంట్లో ఉండిపోతే ఉండిపోనీ. నువ్వు మాత్రం ఆ గదిలోకి రాకు," అంది. సరే అన్నాను. దానికి ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు, ఉండకూడదు కూడా.

సాయంత్రం ఈల మాస్టారు స్వయంగా ఇంటికి వచ్చి మెగాఫోన్ ఇచ్చారు. "పొరబాటు నాదే అమ్మాయ్. నీ మనసు జట్టు దగ్గరే ఉంది. రేపు అదే చెప్పు, చాలు," అన్నారు. కొత్త బ్యాటరీలు వేయించి తెచ్చారు.

15వ తేదీ, ఆదివారం, ఉదయం

మెగాఫోన్ బల్ల మీద ఉంది. దాని నోరు నావైపే ఉంది.

పదిన్నరకి మా హాల్లో వాళ్ల ప్రాక్టీసు. వెళ్తున్నాను.

16వ తేదీ, సోమవారం

నిన్నటిదంతా ఇవాళ రాస్తున్నాను.

పొడుగక్క కింది బెంచీ మీద కూర్చుని మోకాలికి టేపు చుట్టుకుంటోంది. నేను ఎదురుగా వెళ్లి నిలబడి, "అది రాసింది నేనే అక్కా," అన్నాను.

"తెలుసు. కిర్రు సంగతి ఇంకెవరికి చెప్పాను?"

అంతటితో ఊరుకోవాల్సింది. నా నోరు ఊరుకోదు. "మాటలు వినపడవన్నారు కదా మీరు, టీవీలో," అన్నాను.

"కెమెరా అడిగింది, చెప్పాను. నువ్వు అడిగావా?" టేపు పళ్లతో తెంపింది. "అంతమంది ముందు ఆ ఊరి అరుపులు నాకు ఇష్టమని చెప్పి, ఈ బనీనుతో ఎలా ఆడమంటావు?"

"అయితే వినపడేవా?"

ఆమె మోకాలు మడిచి చూసుకుంది, చాచి చూసుకుంది. "'పైకి అక్కా' అని, ఇంకో 'పైకి'కి ముందు ఒక్క క్షణం ఆపేదానివి. అందరూ ఊపిరి పీల్చుకునేవాళ్లు. నేను అక్కడ ఎగిరేదాన్ని," అంది. తర్వాత, "ఇంక వెళ్లు. ఆట ఉంది నాకు," అంది.

క్షమించమని అడగలేదు నేను. అడిగితే ఆమె దానికి జవాబు వెతకాలి. ఆమెకి వేరే పని ఉంది.

సాయంత్రం హాలు కిక్కిరిసిపోయింది. బయట వాన. మొదటి వరుసలో నా పాత చోటు ఖాళీగా ఉంచారు. చివరి మూడు సెకన్లు వదిలేస్తే, ఆటంతా నా పని నేను సరిగ్గా చేశాను. మా జట్టుకి కావలసిన మాటలన్నీ అందించాను, గొంతు పోయేలా అందించాను. ఎవరైనా కాదంటే వాళ్లతో నేను మాట్లాడతాను.

చివరికి మూడు సెకన్లు మిగిలాయి. మేము ఒక్క పాయింటు ముందున్నాం. పొడుగక్క బుట్ట దగ్గర లేచింది, మావాళ్లమ్మాయి చెయ్యి ఆమె చేతికి తగిలింది, రెఫరీ ఈల మోగింది. రెండు ఫ్రీ త్రోలు.

గ్యాలరీ అంతా నావైపు తిరిగింది. ఏది చెప్పాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మెగాఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మీట నొక్కాను. అది గుర్రుమంది. బాబాయి రెండు కర్రలూ పైకెత్తాడు. నూట యాభై మంది ఊపిరి పీల్చారు. అది నా వీపు మీద గాలిలా తెలిసింది.

నేను చెప్పలేదు.

నేను చెప్పకుండా, డ్రమ్ము మోగకుండా ఎవరూ నోరు తెరవరు. నేను పుట్టక ముందు నుంచీ ఉన్న రూలు. ఆరో వరుసలో బకెట్‌లో చుక్కలు పడటం వినిపించింది. బంతి నేలకి రెండుసార్లు తగలడం వినిపించింది. పడింది. మొదటిది వలలోంచి జారిన చప్పుడు కూడా విన్నాను. వెనక నుంచి బేకరీ అక్క, "చెప్పవే, చెప్పు," అని గుసగుసగా అంది. మీట మీద నుంచి వేలు తియ్యలేదు, మెగాఫోన్ దించలేదు. దించితే ఇంకొకరు లాక్కుంటారు. రెండోది కూడా పడింది.

మిగిలిన మూడు సెకన్లలో మావాళ్లు సగం కోర్టు నుంచి విసిరిన బంతి ఇనప వలయానికి తగిలి బయటికి పోయింది. కప్పు వంతెన అవతలికి పోయింది.

నేనే ఓడించానని అంటున్నారు. ఆమె గెలిచింది. ఈ రెండూ ఒకటి కాదు, ఎన్నిసార్లైనా చెబుతాను.

మెట్ల దగ్గర ఈల మాస్టారు నా దారికి అడ్డంగా నిలబడ్డారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

"ఇంతకీ నువ్వు ఏ జట్టు అమ్మాయ్?"

"ఈ జట్టే మాస్టారూ."

"కాదు."

"ఈ జట్టే. అందుకే మన గ్యాలరీ నోట ఆ మాట రెండోసారి రానివ్వలేదు. రేపు బకెట్ ఎత్తిపోయడానికి ఎవరొస్తారో చూడండి."

మెగాఫోన్ కోసం చెయ్యి చాచారు. ఇచ్చేశాను. ఈసారి మాటలు నావి అనలేదు.

బాబాయి డ్రమ్ము భుజాన వేసుకుని నా ముందు నడిచాడు. మలుపు దగ్గర కర్రలు చంకలో పెట్టుకున్నాడు. తర్వాత, "నేను ఆ రెండు దెబ్బలు వేసెయ్యగలిగేవాణ్ణి. నువ్వు చెప్పకపోయినా అందుకునేవాళ్లే. అందరికీ వచ్చు కదా అది," అన్నాడు.

"మరెందుకు వెయ్యలేదు?"

"టీలెవరు తాగిస్తారే నూట యాభై మందికి," అన్నాడు. నావైపు చూడలేదు. నడక వేగం తగ్గించాడు.

17వ తేదీ, మంగళవారం

కాలేజీ అయ్యాక హాలుకి వెళ్లాను. తలుపు తీసే ఉంది. వాన తెరిపిచ్చింది, కప్పు మాత్రం ఇంకా కారుతోంది. బకెట్ నిండి అంచు దాకా వచ్చింది. రెండు చేతులతో మోసుకుంటూ ఆరు వరుసలు దిగి, బయట కాలవలో పారబోసి, మళ్లీ ఎక్కి అక్కడే పెట్టాను. సగం నీళ్లు నా బూట్లలోనే పడ్డాయి.

తిరిగి చూస్తే కింద ఈల మాస్టారు నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలీదు. పైకి వచ్చి, బకెట్ చూసి, కప్పు చూసి, మళ్లీ బకెట్ చూశారు.

"అలా పెట్టకూడదు అమ్మాయ్. పిడి గోడ వైపుకి తిప్పి పెట్టాలి. లేకపోతే వచ్చేపోయేవాళ్ల కాలికి తగులుతుంది."

"ఇక్కడ నేను తప్ప ఎవరూ కూర్చోరు కదా మాస్టారూ," అన్నాను.

ఆయన దిగి వెళ్లిపోయారు. నేను పిడి తిప్పలేదు.

ఆయన తలుపు దాటాక తిప్పాను.